అయిదింటికి లేపే చదువు

హైస్కూలు పిల్లలకి బడి పొద్దున్న కాస్త ఆలస్యంగా మొదలవ్వాలా అన్న ప్రశ్న మీద ఈ ఇద్దరికీ ఎప్పుడూ పడదు. ఒకరు కాకినాడ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన సర్వీసులో సగం తెల్లవారుజాములు పదో తరగతి పిల్లల మధ్యే గడిచాయి. రెండో మనిషి ఆయన మేనకోడలు. కాకినాడలోనే పిల్లల డాక్టరు, చిన్నప్పుడు ఆ మాస్టారి దగ్గరే పదో తరగతి చదివింది. పదో తరగతి పిల్లలున్న ఏ ఇంట్లోనైనా రోజూ నడిచే వాదనే కాబట్టి, ఈసారి కూర్చుని విన్నది విన్నట్టు రాశాను. నా మొగ్గు డాక్టరు వైపే అని ముందే చెప్పేస్తున్నాను. అలాగని మాస్టారి బస్సు ప్రశ్నని దాటెయ్యడం నావల్ల కాలేదు.

మాస్టారు: బడి ఇంకా ఆలస్యం చెయ్యమంటే నాకు మింగుడుపడదమ్మా. మన హైస్కూళ్లు ఎన్నింటికి మొదలవుతాయి? తొమ్మిదింటికి. తెలంగాణలో 2024 జులై దాకా తొమ్మిదిన్నరకి ఉండేవి, జంట నగరాలు కాక మిగతా చోట్ల తొమ్మిదికి జరిపారు. అమెరికావాళ్లు ఏడున్నరకి ముందే బడి పెట్టుకుని, పిల్లలు తూగుతున్నారని ఇప్పుడు ఎనిమిదిన్నర కోసం తంటాలు పడుతున్నారు. వాళ్లు చేరాలనుకుంటున్న చోటుకి మనం అరగంట అవతలే ఉన్నాం. ఇంకెక్కడికి జరపమంటావు? పదింటికా?

డాక్టరు: గవర్నమెంటు కాయితం మీద తొమ్మిదే మావయ్యా. కాని నా దగ్గరికొచ్చే పిల్లల్ని పొద్దున్న ఎన్నింటికి లేస్తావని అడిగితే, తొమ్మిదింటి బడికి సరిపడే జవాబు చెప్పేవాళ్లు అరుదు. ఈమధ్య ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. తొమ్మిదో తరగతి, ప్రైవేటు స్కూలు. రోజూ తలనొప్పి. కళ్ల డాక్టరుకి చూపించారు, స్కానింగు తీయించారు, ఏమీ లేదు. రాత్రి పదకొండింటికి పడుకుని అయిదుంబావుకి లేస్తుంది. ఆరుంబావుకి వ్యాను. ఊళ్లన్నీ తిరిగి స్కూలుకి చేరేసరికి ఏడున్నర. అక్కణ్ణుంచి ఎనిమిదిన్నర దాకా స్టడీ అవరు, ఆ తరవాత ప్రార్థన, మొదటి పీరియడు. ఆ పిల్ల నుదుటి మీద అడ్డంగా ఒక గీత ఉంది. వ్యాన్లో ముందు సీటు రాడ్డుకి నుదురు ఆనించి నిద్రపోతుందట, రోజూ అదే చోట. వాళ్లమ్మ ఆ గీత చూపించి ఇదేమైనా చర్మానికి సంబంధించిన జబ్బా అని అడిగింది.

మాస్టారు: వ్యాను సంగతి సరే. రాత్రి పదకొండింటిదాకా మేలుకుని ఏం చేస్తోందో అడిగావా? తొమ్మిదింటికి పడుకుంటే అయిదుంబావుకి లేచినా ఎనిమిది గంటలు నిద్రపోయినట్టే. లెక్క సరిపోయిందిగా.

డాక్టరు: లెక్క సరిపోతుంది, ఒళ్లు వినదు. హోంవర్కు తెమిలేసరికే పది. పోనీ అదీ లేదనుకుందాం. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చాక తొమ్మిదింటికి దీపం ఆర్పేసినా నిద్ర పట్టదు. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది. ఇక రాత్రయిందని ఒంటికి చెప్పేది అదే. ఈడొచ్చే వయసులో అది ఊరే వేళ వెనక్కి జరుగుతుంది. మేరీ కార్స్‌కడన్ అనే ఆవిడ 1970లనుంచీ ఇదే పని మీద ఉన్నారు. అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో వేసవి శిబిరం పెట్టి, ఏటా అవే పిల్లల్ని పిలిచి నిద్ర కొలిచారు. పెరిగే కొద్దీ పిల్లలకి తక్కువ నిద్ర చాలుతుందని అందరూ అనుకునే రోజులవి. తీరా చూస్తే పడుకోనిచ్చినంత సేపు పడుకోనిస్తే పెద్ద పిల్లలు కూడా తొమ్మిది గంటల పైనే నిద్రపోయారు. జర్మనీలో టిల్ రోనెబర్గ్ బృందం 2004లో వేలమంది నిద్ర వేళల్ని వయసులవారీగా పేర్చి చూసింది. ఇరవయ్యో ఏడు దాపుల దాకా నిద్ర వేళ వెనక్కి జరుగుతూ పోతుంది, అక్కణ్ణుంచి మళ్లీ ముందుకి తిరుగుతుంది. మీరిప్పుడు నాలుగింటికే లేచి కూర్చుంటున్నారంటే అదీ వయసు పనే.

మాస్టారు: నువ్వు వయసంటున్నావు, నేను ఫోనంటున్నాను. మా ఊరికి కరెంటు రాకముందు దీపాలు పెట్టగానే తినేసి, ఎనిమిదింటికి పడుకునేవాళ్లం. నాకూ పద్నాలుగేళ్లు వచ్చాయి. నాలుగున్నరకి మా నాన్న లేపితే లేచేవాణ్ణి. బ్రాహ్మీ ముహూర్తంలో చదివింది బుర్రకెక్కుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

డాక్టరు: ఎనిమిదింటికి పడుకుంటే నాలుగున్నరకి లేవడంలో నాకేం అభ్యంతరం లేదు మావయ్యా. మనం ఆ రోజుల నిద్ర వదిలేశాం, ఆ రోజుల మెలకువ మటుకు పట్టుకున్నాం. దీపం సంగతి నిజమే. అర్జెంటీనాలో తోబా తెగవాళ్ల మధ్య చేసిన అధ్యయనం ఒకటుంది. కరెంటున్న చోట వాళ్లు, లేని చోట వాళ్లకంటే ఆలస్యంగా పడుకుని తక్కువ నిద్రపోతున్నారని 2015లో ఒరాషియో దె లా ఇగ్లేసియా అనే శాస్త్రవేత్త చూపించారు. ఫోను రాత్రి పెద్దవాళ్ల గదిలో ఉంచమని నేనూ ప్రతి తల్లికీ చెబుతున్నాను. అయితే ఆ శాస్త్రవేత్తే సియాటిల్లో చేసిన పని కూడా వినాలి మీరు. ఆ నగరం 2016లో హైస్కూళ్లని 7:50 నుంచి 8:45కి జరిపింది. మీరనేదే అక్కడా అన్నారు, గంట ఆలస్యం చేస్తే పిల్లలు ఇంకో గంట ఆలస్యంగా పడుకుంటారని. రెండు హైస్కూళ్ల పిల్లల ముంజేతులకి వాచీల్లాంటివి కట్టి, మార్పుకి ముందొకసారి, తరవాతొకసారి కొలిచారు. పడుకునే వేళ పెద్దగా మారలేదు. నిద్ర మాత్రం బడి ఉన్న రోజుల్లో 34 నిమిషాలు పెరిగింది.

మాస్టారు: జరిపింది 55 నిమిషాలు, వచ్చింది 34. మిగతా 21 ఏమైనట్టు?

డాక్టరు: స్నానానికీ తిండికీ పోయినా నాకు సంతోషమే. వారానికి అయిదు రోజులు వేసుకోండి, మూడు గంటలకి పది నిమిషాలు తక్కువ. ఆ రెండు బళ్లలో ఒకటి పేద పిల్లలు ఎక్కువగా చదివేది. ఆలస్యంగా రావడం, మొదటి పీరియడు ఎగ్గొట్టడం తగ్గింది అక్కడే.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆయన చెప్పినది పొడుగ్గానే ఉన్నా మొత్తం ఇస్తున్నాను. తెల్లవారుజాము చదువుల్ని తిట్టే మనలాంటివాళ్లు ముందు ఇది వినాలి.

మాస్టారు: పేద పిల్లలన్నావు కాబట్టి చెబుతున్నాను. పొద్దున్న క్లాసు నేను సరదాకి పెట్టలేదు. నా బడికొచ్చేవాళ్లలో సగంమందికి ఇల్లంటే ఒకే గది. అందులోనే టీవీ, అందులోనే పొయ్యి, అందులోనే తాగొచ్చిన తండ్రి. సాయంత్రం ఇంటికెళ్లాక పుస్తకం తెరిచే వీలుండదు. ఆడపిల్ల అయితే అంట్లు తోమాలి, తమ్ముణ్ణి చూడాలి. నాట్ల రోజుల్లో తల్లి అయిదున్నరకే కూలికి బయల్దేరుతుంది, పిల్ల ఇంట్లో ఉంటే వంట ఆ పిల్లదే. బళ్లో ఉంటే పిల్ల చదువుతోందని తల్లే వండి పెట్టి వెళ్తుంది. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ మగపిల్లలు దుప్పట్లు తెచ్చుకుని బళ్లోనే పడుకునేవారు. నేనూ వాళ్లతోనే వరండాలో పడక వేసేవాణ్ణి. నాలుగున్నరకి లేపి, ట్యూబులైట్ల కింద కూర్చోబెట్టి, త్రికోణమితి అప్పజెప్పించుకునేవాణ్ణి. డబ్బున్నవాడి కొడుక్కి ఇంట్లో గది ఉంది, టేబులుంది, ట్యూషను మాస్టారున్నాడు. నా పిల్లవాడికి ఉన్నదల్లా ఆ రెండు గంటల నిశ్శబ్దమే. అది తీసెయ్యమని చెప్పేముందు, దాని బదులు వాడికి ఏమిస్తావో చెప్పు.

డాక్టరు: ఆ క్లాసులో నేనూ కూర్చున్నాను మావయ్యా. మీ రుణం తీర్చుకోలేనిది. కాని వెనక బెంచీలోనుంచి మీకు కనపడనిది నాకు కనపడేది. నిద్రొచ్చినవాళ్లని వెనక నిలబెట్టేవారు గుర్తుందా? ముఖం కడుక్కు రమ్మనేవారు, అయినా తూగితే నిలబడి చదవమనేవారు. ఒకబ్బాయి కిటికీ ఊచ పట్టుకుని నిలబడే నిద్రపోయేవాడు. పుస్తకం తెరిచే ఉండేది, పెదాలు కదులుతుండేవి. చదువుతున్నాడనే మీరనుకునేవారు. పేజీ తిరగదు. ఒకరోజు పుస్తకం చేతిలోంచి జారి పడితే ఉలిక్కిపడి, పడ్డ పుస్తకం తీసుకుని తలకిందులుగా పట్టుకుని మళ్లీ పెదాలు కదపడం మొదలుపెట్టాడు. ఆ రెండు గంటలూ వాడు చదవలేదు, పడుకోలేదు. రెంటికీ చెడ్డాడు.

మాస్టారు: వాడు లెక్కల్లో తప్పాడు. నాకు గుర్తుంది.

డాక్టరు: మందబుద్ధి అన్నారు అందరూ. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. నిద్ర అంతా ఒకేలా ఉండదు. ముందు రాత్రి గాఢ నిద్ర ఎక్కువ, తెల్లవారుజామున కలలొచ్చే నిద్ర ఎక్కువ. నాలుగున్నరకి లేపితే పోయేది ఆ చివరి భాగమే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలని వైద్యులు చెప్పేది, బద్ధకానికి వత్తాసు పలకడానికి కాదు. మీకు ఆ రెండు గంటల నిశ్శబ్దం దొరికింది. దాన్ని నిద్ర ఖాతాలోంచి తీశారు. నేననేది వేరే ఖాతాలోంచి తియ్యమని. సాయంత్రం నాలుగు తరవాత బడి ఖాళీగానే ఉంటుంది కదా?

మాస్టారు: సరే, సాయంత్రం మాటకే వద్దాం. నువ్వు బడిని వెనక్కి జరుపు, పొద్దున్న క్లాసుని సాయంత్రానికి మార్చు. అయిదున్నర, ఆరు అవుతుంది. డిసెంబర్లో అప్పటికి చీకటి పడిపోతుంది. మా బడికి ఆరేడు కిలోమీటర్లనుంచి ఆడపిల్లలొచ్చేవారు. ఆ రూట్లో పొద్దున్న ఎనిమిదింటికొక పల్లెవెలుగు, సాయంత్రం నాలుగున్నరకొకటి. నాలుగున్నర బస్సు పోతే ఆటోలే గతి, ఆటోలో పన్నెండుమంది. పిల్ల ఒకసారి చీకట్లో ఇంటికొచ్చిందంటే మర్నాడు తండ్రి బడి మాన్పించేస్తాడు, ఆపైన పెళ్లి మాట ఎత్తుతాడు. ఇది నేను కళ్లారా చూశాను. అరగంట నిద్ర కోసం ఆ పిల్ల చదువే పోతే, ఏం బావుకున్నట్టు? అమెరికాలో ఫ్లోరిడా వాళ్లు 2023లో చట్టం చేశారని నువ్వే చెప్పావు, హైస్కూళ్లు ఎనిమిదిన్నరకి ముందు పెట్టకూడదని. ఏమైంది? బస్సులు చాలవు, డ్రైవర్లు చాలరు, అంత డబ్బు లేదని బళ్లవాళ్లు మొత్తుకుంటే 2025లో ఆ చట్టమే ఎత్తేశారు. అంత డబ్బున్న దేశం బస్సు దగ్గర ఆగిపోయింది.

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. అమెరికాలో హైస్కూలు అంత పొద్దున్నే పెట్టడానికి కారణం కూడా చాలా చోట్ల బస్సే. ఒకే బస్సు ముందు పెద్ద పిల్లల్ని దించి, మళ్లీ వెళ్లి చిన్న పిల్లల్ని తెస్తుంది. పెద్దవాళ్లయితే చీకట్లో నిలబడగలరని వాళ్లని ముందు పెట్టారు. ఏ వయసువాళ్లకి పొద్దున్నే లేవడం కష్టమో వాళ్లకే ముందు వంతు వచ్చింది. మన దగ్గరా పిల్లల వేళల్ని రాస్తున్నది డిపోలు, వ్యాన్ల కాంట్రాక్టర్లు. ఆ వేళలు మార్చమని అడిగే తల్లిదండ్రుల్ని నేను చూడలేదు, బస్సు వేళ అంటే సూర్యోదయంలా మనం మార్చలేనిది అనుకుంటాం.

డాక్టరు: బస్సు విషయంలో మావయ్య మాట నేను కాదనను. ఆడపిల్లకి చీకటి పడకముందు ఇల్లు చేరడం నిద్రకంటే ముందు. అందుకే ఊళ్లలో సర్కారు బడి తొమ్మిది దాటించమని నేను అడగడం లేదు. తొమ్మిది మంచి వేళే. ఎండాకాలం ఒంటిపూట బడులు ఎనిమిదిలోపే మొదలవ్వడం మీదా నాకు పేచీ లేదు, మార్చి దాటాక పదకొండింటి ఎండకి రేకుల గదిలో ఎవరూ కూర్చోలేరు. మహారాష్ట్రలో 2024 ఫిబ్రవరిలో ఏం చేశారో చూశారుగా? అప్పటి గవర్నరు రమేశ్ బైస్ పిల్లల నిద్ర మాట ఎత్తితే, నాలుగో తరగతి దాకా బడి తొమ్మిదికి ముందు పెట్టకూడదని ఉత్తర్వు ఇచ్చారు. మనసు మంచిదే. కాని నాలుగో తరగతివాడు రాత్రి ఎనిమిదిన్నరకే నిద్రకి పడతాడు, కోడికంటే ముందు లేస్తాడు. లేవలేనిది తొమ్మిదీ పదీ వాళ్లు. వాళ్లని ఆ ఉత్తర్వులో కలపలేదు.

మాస్టారు: అయితే మరి నీ గొడవ ఎవరితో? సర్కారు బడి తొమ్మిదికి చాలన్నావు. ఇంకేం మిగిలింది?

డాక్టరు: తొమ్మిదికి ముందు జరిగేదంతా మిగిలింది. మన దేశంలో పిల్లల మీద చేసిన ఒక లెక్కుంది మావయ్యా, మీకు నచ్చుతుంది. మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగానే వెళ్తుంది. గుజరాత్ పడమటి కొసకి వెళ్తే సూర్యుడు దగ్గర దగ్గర గంట ఆలస్యంగా అస్తమిస్తాడు, బడి గంట మటుకు దేశమంతా ఇంచుమించు ఒకటే. మౌలిక్ జగ్నాని అనే ఆర్థికవేత్త దీన్ని పట్టుకున్నారు. పొద్దు గంట ఆలస్యంగా గూకే చోట పిల్లలకి అరగంట దాకా నిద్ర తగ్గుతోంది, చదువు కూడా తగ్గుతోంది. చీకటి ఆలస్యంగా పడితే పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు, బడి గంట ఆగదు కాబట్టి ఆ నిద్ర తిరిగి రాదు.

మాస్టారు: అలాగైతే కాకినాడ పిల్లలు అదృష్టవంతులేగా. సూర్యుడూ గడియారమూ ఒకటే మాట చెబుతాయి ఇక్కడ.

డాక్టరు: దేవుడిచ్చిన ఆ అదృష్టాన్ని మనం స్టడీ అవర్లతో పోగొట్టుకుంటున్నాం. మన రెసిడెన్షియల్ కాలేజీల సంగతి మీకు తెలియంది కాదు. ఇంటర్ పిల్లలు, పదహారు పదిహేడేళ్లు. అయిదింటికి వార్డెను తలుపులు బాదుతాడు. ఆరింటికల్లా పుస్తకం ముందుండాలి. రాత్రి పదిన్నరకి స్టడీ అవరు అయ్యాక వరస కట్టి గదులకి వెళ్తారు, బట్టలు ఉతుక్కుని పడుకునేసరికి పదకొండున్నర. ఆదివారం పరీక్ష. ఇలా రెండేళ్లు. నా దగ్గరికి వాళ్లని సెలవుల్లో తీసుకొస్తారు. బరువు తగ్గాడనో, పెరిగిందనో, ఊరికే ఏడుస్తోందనో. నేను రక్తపరీక్షలు రాయకముందే రెండు వారాలు పొద్దున్నే లేపకండి అని చెబుతాను. మూడోవారంలో వచ్చే పిల్ల ముఖం వేరుగా ఉంటుంది.

మాస్టారు: దీన్ని నేను సమర్థించను. పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2017లో మళ్లీ చక్రపాణి కమిటీ. కమిటీ చెప్పినప్పుడల్లా కాయితాలొస్తాయి, వార్డెను మాత్రం అయిదింటికే తలుపు కొడతాడు. అందుకే నీ చట్టాలమీద నాకు గురి లేదు.

డాక్టరు: చట్టం ఎలా రాశారన్నది కూడా చూడాలి కదా మావయ్యా. కేంద్రం 2024 జనవరిలో కోచింగు సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకి అయిదు గంటలు మించకూడదు, మరీ పొద్దున్నా వద్దు, మరీ రాత్రీ వద్దు అన్నారు. బాగానే ఉంది. మరీ పొద్దున్న అంటే ఎన్నింటికి? నాలుగింటికి లేచే మీకు అయిదున్నర మరీ పొద్దున్న కాదు. కొరియావాళ్లు చూడండి, పరీక్షల పిచ్చిలో మనకేం తీసిపోరు. సోల్ నగరంలో ట్యూషన్ సెంటర్లు రాత్రి పదికి మూసెయ్యాలి. పది అంటే పది, తనిఖీకొచ్చినవాడు గడియారం చూసి చెప్పగలడు. పక్కనే గ్యాంగీ రాష్ట్రంలో 2014లో బళ్లన్నీ తొమ్మిదికి అన్నారు.

మాస్టారు: ఇప్పటికీ తొమ్మిదేనా అక్కడ?

డాక్టరు: 2022లో కొత్త అధికారి వచ్చి, ఎన్నింటికి పెట్టుకోవాలో బళ్ల ఇష్టానికి వదిలేశారు. కాదనను. కాలిఫోర్నియా చట్టంలో ఒక విషయం మటుకు మనకి పాఠం. 2019లో చేశారు, 2022 జులై నుంచి అమలు. హైస్కూలు ఎనిమిదిన్నరకి ముందు మొదలవ్వకూడదు. కాని దాంట్లో ఒక సందు వదిలారు. జీరో పీరియడ్ అని, బడి మొదలవ్వకముందు కొద్దిమంది ఇష్టపడి చేరే క్లాసు. దానికి ఆ నిబంధన వర్తించదు. అక్కడ అది చిన్న సందు. అదే చట్టాన్ని తెచ్చి ఇక్కడ పెడితే ఊరంతా ఆ సందులోంచే నడుస్తుంది. మన స్టడీ అవరు, స్పెషల్ క్లాసు, ఫౌండేషన్ క్లాసు, అన్నీ జీరో పీరియడ్లే. బడి తొమ్మిదికే అని రిజిస్టరులో ఉంటుంది, పిల్ల అయిదుంబావుకి లేస్తుంది. అందుకే నేనడిగేది ఇది. పిల్లకి ఏ పేరుతోనైనా హాజరు వేసే మొదటి నిమిషం ఎన్నింటికో అదే బడి మొదలైన వేళ అని రాయండి. వ్యానెక్కే వేళ కూడా అందులో లెక్కపెట్టండి. ఆ నిమిషం పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకి ఎనిమిదిన్నరకి ముందు ఉండకూడదు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పిన వేళ కూడా అదే.

మాస్టారు: హాజరు వేసే నిమిషం. ఊఁ. అది తనిఖీకి దొరుకుతుంది.

ఈ మాట దగ్గర ఆయన కుర్చీలోంచి ముందుకి వంగారు. తనిఖీ చేసే అధికారి హాజరు పట్టీ తప్ప ఇంకేమీ నమ్మడని సర్వీసంతా చూసిన మనిషి. నాకు కూడా ఈ వాదనంతటిలో గట్టి మాట ఇదే అనిపించింది. బడి ఎన్నింటికి అని అడుగుతూ కూర్చుంటే మన రెండు రాష్ట్రాల్లో ఎవరికీ తప్పు కనపడదు. పిల్ల మీద ఇంకొకరి అధికారం ఏ నిమిషంలో మొదలవుతోంది అని అడిగితే తప్ప అయిదింటికి తలుపు బాదేవాడు బయటపడడు.

మాస్టారు: కాని నా పిల్లవాడి ప్రశ్నకి నువ్వు జవాబు చెప్పలేదు. ఒంటి గదివాడు. వాడికి పొద్దున్న బడి మూసేస్తే ఎలా?

డాక్టరు: మూయమనడం లేదు. తలుపు తీసే ఉంచండి, లైటు వేసే ఉంచండి. ఇంట్లో వీలు కానివాడు, పొద్దున్నే మెలకువ వచ్చేవాడు వచ్చి చదువుకుంటాడు. పొద్దున్నే చురుగ్గా ఉండే పిల్లలూ కొందరుంటారు, నేను కాదనను. హాజరు పట్టీ వద్దు, స్లిప్ టెస్టు వద్దు, రానివాడి పేరు బోర్డు మీద రాయొద్దు.

మాస్టారు: స్లిప్ టెస్టు లేకపోతే ఎవరొస్తారమ్మా?

డాక్టరు: రానివాళ్లు ఇంట్లో నిద్రపోతుంటారు. వాళ్లకి ఆ గంటలో కావలసింది అదే.

మాస్టారు: ఇంట్లో నిద్రపోనిస్తారనుకుంటున్నావా? తల్లి లేచినప్పుడు పిల్లనీ లేపుతుంది. బడి లేదంటే నీళ్లు పట్టమంటుంది. ఒప్పుకోవలసింది ముందు తల్లులు, ఆ తరవాతే హెడ్మాస్టర్లు.

డాక్టరు: అది నిజం. తల్లులకి నేను చెబుతాను. నుదుటి మీద గీత ఉన్న పిల్ల తల్లికి చెబితే, మరి నేను నాలుగున్నరకి లేస్తున్నాను కదా డాక్టరుగారూ అంది. ఆవిడకి నలభై ఏళ్లు, ఆ పిల్లకి పద్నాలుగు అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. పట్టనివ్వండి.

మాస్టారు: సాయంత్రం క్లాసు మాట?

డాక్టరు: నాలుగు నుంచి అయిదుంబావు. అయిదున్నరకి ఇంకో పల్లెవెలుగు పడితే ఆడపిల్లలు వెలుతురుండగా ఇల్లు చేరతారు, నవంబరు, డిసెంబరు తప్ప. ఆ రెండు నెలలూ పావుగంట ముందు వదిలెయ్యాలి. ఆ బస్సు కోసం డిపో మేనేజరు దగ్గరికి వెళ్లాలి.

మాస్టారు: అర్జీ ఇస్తే బస్సు వెయ్యరు. ఎన్ని టిక్కెట్లు తెగుతాయని అడుగుతారు. పాసు పిల్లలు లెక్కలోకి రారు.

డాక్టరు: ఎంతమంది పిల్లలున్నారో లెక్క కావాలి కదా ముందు. ఊరివారీగా, తరగతివారీగా.

మాస్టారు: అది నేను తీయిస్తాను. ఇప్పుడున్న హెడ్మాస్టరు నా శిష్యుడే. వచ్చే నెల తల్లిదండ్రుల కమిటీ మీటింగు ఉంది. నువ్వొచ్చి నిద్ర సంగతి చెప్పు, నేను బస్సు సంగతి చెబుతాను. కాని సంక్రాంతి తరవాత మగపిల్లలు బళ్లో పడుకోవడం మటుకు ఆపను, అది ముందే చెబుతున్నాను.

డాక్టరు: పడుకోనివ్వండి. ఎన్నింటికి లేపుతారు?

మాస్టారు: ఆరింటికి.

డాక్టరు: ఆరున్నర.

మాస్టారు: చూద్దాం. ముందు వాళ్లు పదింటికి పడుకుంటారేమో చూడాలి. వరండాలో ఆ వయసు కుర్రాళ్లు ఇరవైమంది ఒకచోట పడుకుంటే పన్నెండు దాకా కబుర్లే. దానికి నీ దగ్గర మందేమైనా ఉందా?

డాక్టరు: మీరు వాళ్ల మధ్య పడక వేసుకోవడమే. ఇదివరకు వేసుకున్నారుగా.